ఊరి సంఘంలో ఆదివారం ఆరాధన లైవ్ పెట్టడం ఎలా? పాస్టర్ గార్లకి, సౌండ్ చూసుకునే తమ్ముళ్ళకి

అందరికీ వందనాలు. "బ్రదర్, మా సంఘంలో కూడా లైవ్ పెడదాం అనుకుంటున్నాం, ఏ కెమెరా తీసుకోమంటారు" అని అడిగే పాస్టర్ గార్లు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరికి ఫోన్లో సగం సగం చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాసేస్తే మీ సౌండ్ చూసే తమ్ముడికి కూడా పంపుకోవచ్చని రాస్తున్నాను. ఇది వంద, నూటయాభై మంది కూర్చునే ఊరి సంఘాల కోసం. రేకుల షెడ్డయినా స్లాబు మందిరమయినా ఒకటే, ఒక ఆహుజా ఆంప్లిఫయరో, మైకుల సౌండ్ కలిపే చిన్న మిక్సరో, రెండు స్పీకర్ బాక్సులు, కీబోర్డు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) ఉన్నచోట ఇది సరిపోతుంది.

కెమెరా అడిగారు కాబట్టి జవాబు ముందే చెప్తాను, కెమెరా కొనకండి. ఉన్న ఫోన్ చాలు, ఆ డబ్బు సౌండుకి పెట్టండి. ఇంట్లో మంచం మీదున్న మామ్మగారికి మీ మొహం కొంచెం మసగ్గా కనపడినా పర్లేదు, వాక్యం, అంటే మీ ప్రసంగం, గొణుగుతున్నట్టు వినపడితే మాత్రం రెండు నిమిషాల్లో ఫోన్ పక్కన పెట్టేస్తారు.

మొదలుపెట్టే ముందు

ఒక కాగితం మీద పేర్లు రాయండి. మంచం పట్టినవాళ్ళు, బాలింతలు, డయాలసిస్‌కి తిరిగేవాళ్ళు, హైదరాబాదో బెంగళూరో పనికెళ్ళినవాళ్ళు, కువైట్లో ఇళ్ళల్లో పనిచేసే అక్కలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడినప్పుడు మందిరాలు మూసేశారు కాబట్టి అందరి కోసం లైవ్ పెట్టాం, ఇప్పుడు తలుపులు తెరిచే ఉన్నాయి కాబట్టి రాలేనివాళ్ళ కోసం పెడుతున్నాం, ఈ తేడా మర్చిపోతే లైవ్ మెల్లగా పాస్టర్ గారి ఛానల్ అయిపోతుంది, సంఘానికి సంబంధం ఉండదు.

పేర్లు రాస్తే ఇంకో లాభం ఏంటంటే అసలు మీకు లైవ్ కావాలో వద్దో అక్కడే తేలిపోతుంది. కువైట్లో సెలవు శుక్రవారం, ఆదివారం వాళ్ళకి పని రోజు, మనకి పదిన్నర అయితే అక్కడ పొద్దున్నే ఎనిమిది, ఆ టైంలో ఆ అక్క వంటింట్లో ఉంటుంది. ఆవిడకి లైవ్ ఎందుకూ పనికిరాదు, రాత్రి పడుకునే ముందు చెవిలో పెట్టుకుని వినే ఆడియో కావాలి. మీ కాగితం మీద ఎనిమిది పేర్లే ఉండి అందులో ఐదుగురి దగ్గర కీప్యాడ్ ఫోనే ఉంటే లైవ్ వదిలేయండి, వాక్యం టైంలో కాన్ఫరెన్స్ కాల్ కలపండి, నలుగురైదుగురికి అది చక్కగా సరిపోతుంది.

కావలసినవి

ఒక ఫోన్, వెనక కెమెరా బాగుంటే చాలు. నెట్ కోసం ఇంకో ఫోన్, ఇది తప్పనిసరి, ఎందుకో కింద చెప్తాను. గట్టి ట్రైపాడ్. సౌండు ఫోన్లోకి తీసుకునే ఏదో ఒక దారి. చెవులు మూసే హెడ్‌ఫోన్. పొడుగు ఛార్జింగ్ వైరు, పవర్ బ్యాంక్. వీటన్నిటికంటే ముఖ్యం ఇద్దరు మనుషులు, ఒకరు ఫోన్ దగ్గర, ఒకరు సౌండ్ దగ్గర, ఒక్కడే రెండూ చూస్తే ఆ అబ్బాయికి ఆ ఆదివారం ఆరాధన లేనట్టే. వారం మార్చి వారం వేరేవాళ్ళకి ఇవ్వండి, యవ్వనస్తుల్లో అమ్మాయిలకి కూడా నేర్పండి, చాలా సంఘాల్లో వాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా చేస్తారు.

1. సంఘ పెద్దలతో కూర్చోండి

మూడు విషయాలు తేల్చుకోండి. ఏ భాగం లైవ్ వెళ్ళాలి, ఏది వెళ్ళకూడదు, ఛానల్ ఎవరి చేతిలో ఉండాలి. బల్ల గురించి, అంటే రొట్టె, రసం తీసుకునే ప్రభువు బల్ల సంస్కారం గురించి కూడా ఇప్పుడే మాట్లాడేసుకోండి. క్యాథలిక్ సభ 2002లో ఇంటర్నెట్ గురించి ఇచ్చిన పత్రంలో ఇంటర్నెట్లో సంస్కారాలు ఉండవని సూటిగా రాసేసింది. మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో లాక్‌డౌన్ టైంలో కొందరు ఇంట్లోనే రొట్టె, రసం పెట్టుకుని ఫోన్ చూస్తూ తీసుకున్నారు, కొందరు మందిరం తెరిచేదాకా ఆగారు. మీ సంఘం నమ్మకం ఏదైతే అది, కానీ నా మనవి ఒకటుంది, మంచంలో ఉన్నవాళ్ళకి లైవ్ పెట్టాం కదా అని ఇంటికెళ్ళి బల్ల ఇవ్వడం, చెయ్యి పట్టుకుని ప్రార్థించడం మానకండి. లైవ్ మొదలయ్యాక ఇళ్ళ దర్శనాలు తగ్గిపోతున్నాయంటే ఏదో తేడా జరుగుతున్నట్టే.

2. ఛానల్ సంఘం పేరు మీద తెరవండి

సంఘానికి కొత్త జీమెయిల్ చేయండి. రికవరీ నంబరు ఎప్పటికీ మారని నంబరు ఇవ్వండి, పాస్టర్ గారిదో అమ్మగారిదో. సౌండ్ తమ్ముడి సొంత జీమెయిల్లో ఛానల్ తెరవడం అన్నిటికంటే ఎక్కువ కనపడే తప్పు. ఆ తమ్ముడికి హైదరాబాద్లో ఉద్యోగం వస్తుంది, సిమ్ మారుస్తాడు, రెండేళ్ళ వాక్యాలు తాళం పడిపోతాయి. పాస్‌వర్డ్ అందరికీ చెప్పక్కర్లేదు, యూట్యూబ్ సెట్టింగుల్లో పర్మిషన్స్ అని ఉంటుంది, అందులో వాళ్ళ మెయిల్ చేర్చి మేనేజర్‌గానో ఎడిటర్‌గానో పెట్టండి, మానేసినప్పుడు తీసేయొచ్చు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి.

లైవ్ మొదటిసారి ఆన్ చేస్తే 24 గంటల దాకా పడుతుంది, ఫోన్ నంబరు వెరిఫై చేయాలి, కాబట్టి శనివారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం కంగారు పడొద్దు. మొబైల్ యాప్ నుంచి లైవ్ వెళ్ళాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, ఆరాధన అయ్యాక ఒక ప్రకటన చేస్తే అయిపోతుంది. ల్యాప్‌టాప్ నుంచి అయితే ఆ నిబంధన లేదు.

ఫేస్‌బుక్ పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, కాకపోతే పేజీకి 100 మంది ఫాలోవర్లు ఉండాలి, పైగా 2025 నుంచి అక్కడ లైవ్ వీడియోలు 30 రోజులే ఉంచి తీసేస్తున్నారు. వాక్యాలు దాచుకోవాలి అనుకుంటే యూట్యూబే మంచిది.

3. నెట్ సరిగ్గా ఆదివారం అదే టైంకి చూడండి

శనివారం సాయంత్రం ఖాళీ మందిరంలో స్పీడ్ టెస్ట్ చేసి బాగుంది అనుకుంటారు, ఆదివారం పదకొండింటికి నూటయాభై మంది జేబుల్లో ఫోన్లతో వచ్చేసరికి, ఊళ్ళో సెలవని అందరూ వీడియోలు చూస్తుండేసరికి టవర్ మీద బరువు పడి లైవ్ గింగిరాలు తిరుగుతుంది. అందుకే ముందు ఆదివారం ఆరాధన జరుగుతుండగానే టెస్ట్ చేయండి. చూడాల్సింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. 720పి క్వాలిటీ వీడియోకి దాదాపు 2.5 ఎంబీపీఎస్ పోతుంది, దానికి రెట్టింపు చూపిస్తేనే ధైర్యంగా వెళ్ళండి. జియో, ఎయిర్‌టెల్ రెండూ చూడండి, ఒకే మందిరంలో కిటికీ దగ్గర ఒకటి బాగుంటుంది, గుమ్మం దగ్గర ఇంకొకటి.

డేటా లెక్క కూడా వేసుకోండి. ఆ స్పీడ్ మీద గంటకి 1.1 జీబీ పైనే పోతుంది, మన ఆరాధన రెండు, రెండున్నర గంటలు. రోజుకి 1.5 జీబీ ప్లాన్ మీద పెడితే సరిగ్గా వాక్యం మధ్యలో ఆగిపోతుంది, చూసేవాళ్ళేమో పాస్టర్ గారే ఆపేశారనుకుంటారు. వాక్యం, ముగింపు ప్రార్థన మాత్రమే లైవ్ ఇస్తే డేటా మిగులుతుంది, నిజానికి చాలా సంఘాలకి ఇదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

నెట్‌కి రెండో ఫోన్ ఎందుకన్నానంటే, లైవ్ వెళ్ళే ఫోన్లో సిమ్ ఉంటే ఎవరో ఒకరు కాల్ చేస్తారు, లైవ్ ఆగుతుంది. ఆ ఫోన్‌ని ఫ్లైట్ మోడ్లో పెట్టి, రెండో ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి దాన్ని సిగ్నల్ బాగున్న కిటికీ దగ్గర పెట్టండి.

4. సౌండ్

దీని మీదే ఎక్కువ టైం పెట్టండి. మూడు దారులున్నాయి.

తేలికైనది కాలర్ మైకు. వైరుదో, ఛార్జింగ్ పిన్‌లో రిసీవరు గుచ్చే వైర్‌లెస్‌దో తీసుకుని పాస్టర్ గారి చొక్కాకి, గడ్డం కింద జానెడు దూరంలో పెట్టండి. వాక్యం మాత్రమే లైవ్ ఇచ్చేవాళ్ళకి ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ సరిగ్గా తల మీద ఉంటే గాలి శబ్దం వస్తుంది, మైకుకి స్పాంజి తొడుగు తీయకండి. వైర్‌లెస్ మైకు ఛార్జింగ్ శనివారమే పెట్టాలి.

రెండోది మిక్సర్ నుంచి. మిక్సర్‌కి ఆక్స్ అవుట్ (హాల్ బాక్సులకి వెళ్ళేది కాకుండా విడిగా సౌండ్ తీసే సాకెట్) ఉంటే దాంట్లోంచి తీయండి, ఎందుకంటే హాల్లో బాక్సుల సౌండ్ పెంచినా తగ్గించినా లైవ్‌ సౌండ్ మారకుండా విడిగా పెట్టుకోవచ్చు. ఆక్స్ లేకపోతే రికార్డ్ అవుట్. ఆ వైరు నేరుగా ఫోన్లో పెట్టకండి, మిక్సర్ నుంచి వచ్చే లైన్ సిగ్నల్ ఫోన్ మైకుకి చాలా ఎక్కువ, గొంతు చిరిగినట్టు వస్తుంది. మధ్యలో ఓటీజీ మీద, అంటే ఫోన్ ఛార్జింగ్ పిన్‌కి కలిపితే పనిచేసే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మిక్సర్ సౌండ్‌ని ఫోన్‌కి సరిపోయేట్టు మార్చే డబ్బా) పెట్టాలి, అది కొనేటప్పుడు లైన్ ఇన్ ఉందా అని అడిగి, మీ ఫోన్ షాపుకి తీసుకెళ్ళి అక్కడే పెట్టి చూసుకోండి.

ఇక్కడ గట్టి హెచ్చరిక. ఆహుజా లాంటి ఆంప్లిఫయర్ వెనక హారన్లకి వైర్లు బిగించే స్క్రూలు ఉంటాయి, 100 వోల్ట్ అని రాసి ఉంటుంది. అక్కడ్నుంచి పొరపాటున కూడా ఫోన్‌కి వైరు ఇవ్వకండి. ఫోన్ కాలిపోతుంది, పట్టుకున్న మనిషికి షాక్ కొట్టొచ్చు. లైన్ అవుట్ అని విడిగా సాకెట్ ఉంటే అదే వాడండి, లేకపోతే మొదటి దారికి రండి.

మిక్సర్‌తో ఇంకో చిక్కుంది. మైకుల్లోకి వెళ్ళిందే లైవ్‌లో వస్తుంది, సంఘం పాడేది రాదు. హాల్లో నూరు గొంతులు కలిసి పాడుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది, లైవ్‌లో మాత్రం పాట నడిపించే అక్క ఒక్కతే ఖాళీ గదిలో పాడుతున్నట్టుంటుంది, దానికి తోడు ప్యాడ్స్, కీబోర్డు నేరుగా మిక్సర్లోకి పోతాయి కాబట్టి అవి గొంతుని మింగేస్తాయి. ఒక మైకుని స్టాండ్ మీద సంఘం వైపు తిప్పి పెట్టి, హాల్ బాక్సుల్లోకి వెళ్ళకుండా ఆక్స్‌కి మాత్రమే కొంచెంగా ఇవ్వండి. ఇంట్లో వినేవాళ్ళకి వెనక నుంచి వచ్చే "ఆమేన్" చాలా పెద్ద విషయం.

మూడోది, ఏమీ కొనలేకపోతే ఫోన్‌ని పాస్టర్ గారికి వీలైనంత దగ్గరగా, బాక్సులకి పక్కగా పెట్టడం. రేకుల షెడ్లో ప్రతిధ్వని ఎక్కువ కాబట్టి ఆరేడు అడుగులు దాటితే మాట తెలియదు.

ఏ దారైనా సరే, ముందు ఐదు నిమిషాలు అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవాళ్ళకే కనపడే) లైవ్ పెట్టి, ఒకళ్ళని మందిరానికి దూరంగా ఇంట్లో కూర్చోబెట్టి వినిపించండి. పాస్టర్ గారిని మామూలుగా మాట్లాడమనండి, తర్వాత స్వరం పెంచి "హల్లెలూయా" అనమనండి, ఆ పెద్ద శబ్దం దగ్గర పగలకుండా ఉండేలా లెవల్ తగ్గించుకోండి. మామూలు మాట చూసి లెవల్ పెడితే వాక్యం వేడెక్కాక అంతా గోలే. పక్క గదిలో ఉండి చూస్తే కుదరదు, గోడ అవతల హాల్ సౌండే వినపడుతుంది.

5. ఫోన్ ఎక్కడ పెట్టాలి

వెనక గోడ దగ్గర కాదు, ముందు వరుస పక్కగా, పులిపీటం (పాస్టర్ గారు నిలబడి వాక్యం చెప్పే చోటు) మాత్రమే ఫ్రేములో పడేట్టు. ఫోన్ అడ్డంగా తిప్పాకే గో లైవ్ నొక్కండి, తర్వాత తిప్పితే తిరగదు. పులిపీటం వెనక కిటికీ ఉంటే పాస్టర్ గారు నల్లగా కనపడతారు, తెర వేయండి. మెరిసే సీరియల్ లైట్లు ఆ గంటసేపు ఆపండి.

సంఘంలో ఎవరి మొహమూ లైవ్‌లో పడకూడదు అనేది మొదటి రూలు. కొందరు ఇంట్లో తెలియకుండా వస్తారు, కొందరికి ఉద్యోగంలో ఇబ్బంది, కొందరికి ఊళ్ళో మాట పడాల్సి వస్తుంది. ఎవరి కారణం వాళ్ళకుంటుంది, అడగొద్దు. "ఆరాధన లైవ్ వెళ్తోంది, కెమెరా ఈ మూల నుంచి ఆ మూల దాకానే చూస్తుంది" అని మొదట్లో నోటితోనే చెప్పండి, బోర్డు అందరూ చదవలేరు. సండే స్కూల్ పిల్లలు పాట పాడే రోజు ముందుగా తల్లిదండ్రుల్ని అడగాలి, ఒక్కరు వద్దన్నా ఆ పాట లైవ్‌లో ఇవ్వకండి.

6. ప్రార్థన మనవులు, సాక్ష్యాలు వచ్చేసరికి ఆపేయండి

దయచేసి ఇది తేలిగ్గా తీసుకోవద్దు. "ఫలానా వీధిలో చెల్లెలికి మూడోసారి గర్భం నిలవలేదు, భర్త వదిలేస్తానంటున్నాడు, ప్రార్థించండి" అని మైకులో చెప్తే మందిరంలో ఉన్న వందమంది ఆ చెల్లెలి కోసం కన్నీళ్ళు పెడతారు. అదే మాట యూట్యూబ్లో ఉంటే అత్తగారి ఊళ్ళో చూస్తారు, ఏడాది తర్వాత కూడా చూస్తారు. అందుకే మనవుల ముందు లైవ్ ఎండ్ చేయండి, లేదా ఫోన్ దగ్గరున్నవాళ్ళు మ్యూట్ నొక్కి కెమెరాని సిలువ వైపు తిప్పాలి. ఏ సైగకి నొక్కాలో పాస్టర్ గారు, ఆ తమ్ముడు ముందే అనుకోండి.

"మందులు మానేశాను, నాకు బాగైపోయింది" అనే సాక్ష్యం అస్సలు వెళ్ళనివ్వద్దు. సాక్ష్యం చెప్పిన మనిషి మనకి తెలుసు, వినే మనిషి తెలియదు, ఆ మాట విని ఎక్కడో ఒకరు షుగర్ బిళ్ళలు మానేస్తే ఆ భారం ఎవరు మోస్తారు?

7. పాటలు, కాపీరైట్

ట్రాక్ (రికార్డు చేసిన మ్యూజిక్) పెట్టి పాడితే యూట్యూబ్ వెంటనే పట్టేస్తుంది, లైవ్ మధ్యలో ఆగిపోవచ్చు కూడా. ఆరాధనలో పాడుకోవడానికి మన 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ అది ఆరాధన సందర్భంలో పాడటం గురించి, దాన్ని వీడియోగా ఇంటర్నెట్లో ఉంచడానికి అదే సరిపోతుందని నమ్ముకోవద్దు. మీ డోలకు, కీబోర్డుతో మీరు పాడుకుంటే సమస్య చాలా తగ్గుతుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి గారివి లాంటి పాత కీర్తనలు నిశ్చింతగా పాడొచ్చు, ఆయన 1890లోనే చనిపోయారు, రచయిత పోయాక 60 ఏళ్ళకి మన దేశంలో కాపీరైట్ తీరిపోతుంది. ఇప్పటి రచయితల పాటలయితే వివరణలో వాళ్ళ పేరు రాయండి, వీలైతే ఒక మెసేజ్ పెట్టి అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

8. ఆదివారం వరస

గంట ముందు ఫోన్ ఛార్జింగ్, స్టోరేజీ చూసి, ఫ్లైట్ మోడ్ పెట్టి, హాట్‌స్పాట్ కలపండి. పది నిమిషాల ముందు హెడ్‌ఫోన్లో సౌండు వినండి. లైవ్ మొదలవగానే ఇంకో ఫోన్లో ఒకసారి చూసి కట్టేయండి, దాని సౌండ్ మైకులో పడకూడదు. కామెంట్లు ఎవరైనా చూస్తుంటే సరే, లేకపోతే చాట్ ఆఫ్ చేసేయండి, దూషించేవాళ్ళకి జవాబులివ్వకండి. ఎండలో, రేకుల కింద ఫోన్ వేడెక్కుతుంది, పౌచ్ తీసేసి ఫ్యాన్ గాలి తగిలేట్టు పెట్టండి. కరెంటు పోతే మైకు పోతుంది కానీ ఫోన్ నడుస్తూనే ఉంటుంది, అప్పుడు ఆపకుండా పాస్టర్ గారికి దగ్గరగా తీసుకెళ్ళండి.

9. అయ్యాక ఆడియో పంపండి

వాక్యం వరకు కత్తిరించి మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే 40 నిమిషాల వాక్యం 20 ఎంబీ లోపు వస్తుంది. కువైట్లో ఉన్న అక్కకి వాట్సాప్‌లో పంపండి. ఫోన్ వాడని తాతగారికి మెమరీ కార్డులో వేసి, కార్డు పెట్టుకునే చిన్న స్పీకర్లో వినిపించండి, వారానికొకసారి కార్డు మార్చడానికి వెళ్ళినప్పుడు ఎలాగూ కలుస్తారు.

10. కానుకలు

చూసేవాళ్ళు క్యూఆర్ అడుగుతారు. పాస్టర్ గారి సొంత ఖాతా పెట్టకండి, సంఘం సొసైటీ లేదా ట్రస్టు ఖాతానే ఇవ్వండి. దాన్ని కూడా రెండు గంటలూ స్క్రీన్ మీద ఉంచొద్దు, అడిగినవాళ్ళకి పంపితే చాలు.

విదేశాల నుంచి పంపుతామంటే జాగ్రత్త. ఇండియా పాస్‌పోర్టు ఉన్న మనవాళ్ళు గల్ఫ్ నుంచి తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి అబ్బాయి పంపితే, తెలుగువాడే అయినా, విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి, లేకుండా తీసుకుంటే కేసు అవుతుంది. పంపే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగడానికి మొహమాటపడొద్దు, ఆడిటర్‌ని కలవండి.

మీ వీడియో ముక్క తీసుకుని, మీ ఫొటోతో నకిలీ వాట్సాప్ పెట్టి డబ్బులడిగేవాళ్ళు ఉంటారు. "నేను మెసేజ్ పెట్టి డబ్బు అడగను, అడిగితే నాకు ఫోన్ చేయండి" అని పులిపీటం మీద నుంచి నెలకోసారి చెప్పండి. ఎవరైనా పంపేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాలి.

సరిగ్గా జరుగుతోందని ఎలా తెలుస్తుంది

వ్యూస్ చూడకండి. యూట్యూబ్ స్టూడియోలో సగటున ఎంతసేపు చూశారో ఉంటుంది, అది చూడండి. నాలుగొందల వ్యూస్ ఉండి సగటు నిమిషం కూడా లేకపోతే వేలు జారి తగిలినవాళ్ళే ఎక్కువ, ఇరవై వ్యూస్ ఉండి సగటు అరగంట ఉంటే మీ లైవ్ పనిచేస్తోంది. సాయంత్రం ముగ్గురికి ఫోన్ చేయండి. "బాగుందా" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, "ఈరోజు ఏ అధ్యాయం చదివాం" అని అడగండి. చెప్పగలిగితే సౌండ్ బాగున్నట్టే.

రాగలిగినవాళ్ళు కూడా ఇంట్లోనే చూడటం మొదలుపెట్టారా అనేది రెండు నెలలకి తెలుస్తుంది. అలా అయితే వాళ్ళని పులిపీటం మీద నుంచి గద్దించకండి, ఇంటికెళ్ళి అడగండి, ఒక్కోసారి మోకాళ్ళ నొప్పో, ఎవరితోనో మాట పట్టింపో ఉంటుంది. నిజంగా బద్ధకమే అయితే లైవ్ ఆపి రికార్డింగ్ సాయంత్రం పెట్టండి.

ఏఐ గురించి కూడా అడుగుతున్నారు

చాట్‌జీపీటీతో వాక్యం తయారుచేసుకోవచ్చా అని. వీడియో టైటిల్, వివరణ, ప్రకటనలు రాయించుకోండి, తప్పేం లేదు. వాక్యం మాత్రం మీరే సిద్ధపడండి, మీ సంఘంలో ఈ వారం ఎవరింట్లో చావు జరిగిందో, ఎవరి పంట పోయిందో దానికి తెలియదు. రెఫరెన్సులు అది చాలా ధీమాగా తప్పు చెప్తుంది, లేని వచనం కూడా ఉన్నట్టు రాస్తుంది, తెలుగు వచనమయితే నాలుగు అనువాదాలు కలిపేస్తుంది. ఇచ్చిన ప్రతి వచనం మీ చేతిలో ఉన్న బైబిల్ తీసి, అధ్యాయం మొత్తం చదివాకే వాడండి. విశ్వాసులు మీకు చెప్పుకున్న కుటుంబ సంగతులు పేర్లతో అందులో టైప్ చేయొద్దు.